ఏడేళ్ల పిల్లకు బ్యాలెన్స్ సైకిలు: వయసు కాదు, కాలి కొలత చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు నిండాయి. వయసుకు మించిన పొడుగు, 126 సెంటీమీటర్లు ఉంది. బరువు 24 కిలోలు. రెండేళ్ల క్రితం పక్క చక్రాలున్న సైకిలు కొన్నాం. ఆ చక్రాలు ఉన్నన్నాళ్లూ అపార్టుమెంటు సెల్లారులో గిరగిరా తిరిగింది కానీ, మొన్న సంక్రాంతి సెలవుల్లో వాటిని విప్పించేసరికి రెండుసార్లు పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. అప్పటి నుంచి సైకిలు వైపు కన్నెత్తి చూడటం లేదు. పెడళ్లు లేకుండా కాళ్లతో నెట్టుకుంటూ పోయే బ్యాలెన్స్ సైకిలు కొనిస్తే భయం పోతుందని మా తమ్ముడు అన్నాడు. కొట్టుకు వెళ్తే 12 అంగుళాల చక్రాలవి మాత్రమే చూపించి, 'ఇవి రెండు మూడేళ్ల పిల్లలకమ్మా, మీ పాపకు వయసు దాటిపోయింది' అన్నారు. ఆన్‌లైన్‌లో అదే సైజును 2 నుంచి 6 ఏళ్ల వరకు అని రాసి అమ్ముతున్నారు. సీటు బాగా ఎత్తి పెట్టుకుంటే సరిపోతుందా? ఇంత పెద్దపిల్లకు ఇప్పుడు అది కొనడం నవ్వులపాటు కాదు కదా?
ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: నవ్వులపాటు అనే మాటను ముందు పక్కన పెడదాం. పెడళ్లు లేని సైకిలు మొదట పుట్టింది పెద్దవాళ్ల కోసమే. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ ఊళ్లో కార్ల్ ద్రైస్ అనే అధికారి, రెండు చక్రాల కొయ్యబండి మీద కూర్చుని, కాళ్లతో నేలను వెనక్కి తన్నుకుంటూ రోడ్డెక్కాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. చక్రానికి పెడళ్లు తగిలించి అమ్మడం 1860ల్లో పారిస్‌లో ఊపందుకుంది. అంటే మనుషులు రెండు చక్రాల మీద నిలదొక్కుకోవడం ముందు నేర్చుకున్నారు, తొక్కడం ఆ తరువాత నేర్చుకున్నారు; మీ అమ్మాయి కూడా అదే వరసలో నేర్చుకుంటే అందులో తప్పేమీ లేదు.

అయితే 12 అంగుళాల బండి మాత్రం కొనకండి. కొట్టువారు చెప్పిన వయసు గానీ, ఆన్‌లైన్‌లో రాసిన వయసు గానీ ఇక్కడ లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది కాలి కొలత ఒక్కటే. అమ్మాయిని చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. అట్ట గట్టిగా ఉన్న నోటుపుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడితో పైకి ఆనించి, పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట పెన్సిలుతో గీత గీయండి. నేల నుంచి ఆ గీత దాకా టేపు పెడితే వచ్చేదే మీకు కావలసిన అంకె. ఈ వయసు పిల్లల్లో అది మొత్తం ఎత్తులో సుమారు 45 శాతం ఉంటుంది కాబట్టి మీ అమ్మాయికి 56, 57 సెంటీమీటర్ల దగ్గర రావచ్చు, కానీ అంచనాతో సరిపెట్టుకోకుండా కొలిచే తీరాలి, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి నడుము పొడుగు ఉండటం మనం రోజూ చూస్తున్నదే. ఆ అంకెలోంచి రెండు మూడు సెంటీమీటర్లు తీసేస్తే సీటు ఉండవలసిన ఎత్తు వస్తుంది. అక్కడ కూర్చున్నప్పుడు రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, మోకాళ్లు కొద్దిగా మాత్రం వంగాలి. మునివేళ్ల మీద నిలబడేంత ఎత్తయితే పిల్లకు ధైర్యం రాదు. మరీ కిందికి ఉంటే కాలు వెనక్కి చాపి నేలను తన్నడానికి వీలుండదు, మోకాళ్లు పోయి హ్యాండిలుకు కొట్టుకుంటాయి.

12 అంగుళాల బండికి సీటును ఎంత పైకి లాగినా 40, 45 సెంటీమీటర్లు దాటడం అరుదు. ఐరోపా నిబంధనల్లో సీటు ఎత్తు 435 మిల్లీమీటర్లు దాటని సైకిలు బొమ్మల కోవలోకి వస్తుంది, దాటినది సైకిళ్ల కోవలోకి వస్తుంది. అక్కడి మార్కెట్టును దృష్టిలో పెట్టుకుని చేసే చిన్న బండ్లలో చాలావాటికి సీటు అంతకు మించి లేవకపోవడానికి ఈ గీత కూడా ఒక కారణం. మీ అమ్మాయికి కావలసింది 54. ఆ పది సెంటీమీటర్ల తేడాను సీటు గొట్టం పైకి లాగి పూడ్చుకుందామనే ఆలోచన ఎలా ముగుస్తుందో నాకు అనుభవం మీద తెలుసు. మా మేనల్లుడికి ఆరేళ్లప్పుడు ఇలాంటి బండే తెప్పించి, గొట్టం మీద 'ఇంతకు మించి లాగరాదు' అని సూచించే అడ్డగీతను చూసీ చూడనట్టు వదిలేసి, రెండు వేళ్ల వెడల్పున పైకి ఎత్తి బిగించాను. మూడో రోజుకే గొట్టం బిగింపు దగ్గర వంగి, సీటు ముక్కు ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టింది. వాడు పడలేదు, అది నా అదృష్టం. గొట్టం నిలబడ్డా మేలేమీ లేదు: సీటు లేచినంత హ్యాండిలు లేవదు కనుక పిల్ల ముందుకు వంగి కూర్చోవలసి వస్తుంది, రెండు చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి బండి కుదురుగా నడవదు. ఆ బండి మోయగల బరువు ఇన్ని కిలోలని చట్రం మీదో అట్టపెట్టె మీదో వేసి ఉంటుంది, అదీ చూడాలి.

ఇక నా సలహా. మీకు కావలసిన బ్యాలెన్స్ సైకిలు చాలావరకు మీ సెల్లారులోనే దుమ్ము పట్టి ఉంది. రెండేళ్ల క్రితం కొన్నదని రాశారు కానీ దాని సైజు రాయలేదు. టైరు పక్కన ఉబ్బెత్తు అంకెల్లో 16 × 2.125 అనో, 14 అనో అచ్చు వేసి ఉంటుంది, చూడండి. 16 అయితే దాని సీటును పూర్తిగా దించి, నేల నుంచి సీటు పైభాగం దాకా కొలవండి. 54 లోపు వస్తే పని అయిపోయినట్టే. ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చినా దిగులు పడవద్దు, మన పిల్లల సైకిళ్లకు వేసే స్ప్రింగుల సీటే మూడు నాలుగు సెంటీమీటర్లు మింగేస్తుంది. దాని స్థానంలో స్ప్రింగులు లేని పల్చటి సీటు వేయించుకుంటే ఆ ఎత్తు తిరిగి వస్తుంది.

పెడళ్లు విప్పడం ఇంట్లోనే చేయవచ్చు, కానీ ఒక తిరకాసు ఉంది. కుడి పెడలు మర మామూలు మర, ఎడమ పెడలుది ఎదురు మర. తొక్కుతున్నప్పుడు పెడలు దానంతటది సడలి ఊడిపోకుండా అలా చేస్తారు. ఈ సంగతి తెలియక నేను ఎడమ పెడలును పదిహేను నంబరు పానాతో ఊడదీస్తున్నాననుకుంటూ అరగంట సేపు బిగించాను. చివరికి సత్యనారాయణపురంలో మా వీధి చివరి సైకిలు షాపతని దగ్గరికి తీసుకువెళ్తే, ఆయన సైకిలును తలకిందులు కూడా చేయకుండా గోడకు ఆనించి, మర దగ్గర రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, బీడీ పూర్తయ్యేదాకా ఆగి, పానా పెట్టి మడమతో ఒక్క తోపు తోశాడు; 'క్ర్' మని శబ్దం వచ్చింది, అంతే. గుర్తుకు ఒక కొండగుర్తు కూడా చెప్పాడు: పానా నిటారుగా పైకి ఉండేలా పట్టించి, ఏ పెడలునైనా సరే సైకిలు వెనక చక్రం వైపు తిప్పితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది.

పెడళ్లు మాత్రమే విప్పి ఊరుకుంటే వాటిని తగిలించే కడ్డీలు, అంటే క్రాంకులు, రెండు పక్కలా పొడుచుకుని ఉండి, పిల్ల కాలు విసిరినప్పుడల్లా పిక్కకు తగులుతాయి. అందుకని షాపులోనే క్రాంకు, చైను కూడా తీయించండి. చాలా చిన్న సైకిళ్లకు క్రాంకు ఒకే ఇనుప కడ్డీని వంచి చేసినది ఉంటుంది. ఎడమవైపు నట్టు, కోను విప్పి కుడివైపుకు లాగితే మొత్తం బయటికి వచ్చేస్తుంది. ఆ నట్టుకూ ఎదురు మరే. లోపలి బేరింగు బాల్స్, కప్పులు ఒక డబ్బాలో వేసి దాచి, ఖాళీ గొట్టానికి రెండు పక్కలా గుడ్డ కుక్కించండి, లేకపోతే లోపల ఇసుక చేరుతుంది. పక్క చక్రాలు, స్టాండు, వెనక క్యారియరు, ముందు బుట్ట అన్నీ ఒక మూలన పెట్టేయండి. పిల్ల బరువులో 30 శాతానికి మించని బండి మంచిదని సైకిలు నేర్పేవాళ్లు పెట్టుకున్న ఒక మోటు లెక్క. మీ అమ్మాయికి అది ఏడు కిలోలవుతుంది. మన ఇనుప చట్రాల సైకిళ్లు తొమ్మిది పది కిలోలు తూగుతాయి కాబట్టి ఈ విప్పుడులో పోయే ప్రతి అరకిలో పిల్లకు లాభమే. బ్రేకు సంగతి ఒకటి మరిచిపోవద్దు. చేతి మీటతో పడే బ్రేకు చైను తీసినా పనిచేస్తుంది. పెడలు వెనక్కి తొక్కితే పడే రకం బ్రేకు అయితే చైనుతో పాటే పోతుంది, అటువంటప్పుడు వెనక చక్రానికి చేతి బ్రేకు వేయించాకే పిల్లను ఎక్కించండి.

మీ సైకిలు 14 అంగుళాలదై, సీటు 54కు లేవకపోతేనే కొత్తది కొనే ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా బ్యాలెన్స్ సైకిలు కాకుండా, సీటు 54కు దిగగల మామూలు 16 అంగుళాలదో, బాగా కిందికి దిగే 20 అంగుళాలదో టేపు చేతబట్టుకుని వెళ్లి కొనమని చెబుతాను. 20 అంగుళాలవాటిలో చాలావాటికి సీటు పూర్తిగా దించినా 60 దగ్గర ఆగిపోతుంది, 'ఏడాదిలో ఎదుగుతుంది లెండి' అనే మాటకు లొంగకండి. నేర్చుకోవలసింది ఈ నెలలో. బ్యాలెన్స్ సైకిలుగానే వచ్చి, తరువాత పెడళ్లు తగిలించుకునే వీలున్నవి కూడా ఉన్నాయి. అమెరికాకు చెందిన స్ట్రైడర్ కంపెనీ 14ఎక్స్ ఆ కోవదే. చక్కటి వస్తువే, కానీ మీ అమ్మాయి పొడుగుకు అది ఎన్నాళ్లో రాదు, ఆ ధరకు ఒక మంచి 20 అంగుళాల సైకిలు వస్తుంది.

ఆమె పడిపోవడంలో ఆమె తప్పు లేదని మాత్రం ఆమెకు చెప్పండి. పక్క చక్రాలున్నప్పుడు సైకిలు మూడు చక్రాల రిక్షాలాగే ప్రవర్తిస్తుంది, వాలదు. ఎడమకు తిప్పితే ఒళ్లు కుడికి తూలుతుంది. అవి తీసేశాక చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: ఎటు ఒరుగుతుంటే హ్యాండిలును అటే కొద్దిగా తిప్పాలి, ఏ మలుపు తిరగాలంటే ఆ వైపే వాలాలి. రెండేళ్లు ఒకటి అలవాటు చేసి ఒక్క పూటలో మరొకటి చేయమన్నాం. ఇప్పుడు మొదటి రోజు సీటు మీద కూర్చుని నడవనివ్వండి, చాలు. తరువాత పెద్ద అంగలు, ఆ తరువాత పరుగు, ఎప్పుడో తనకు తెలియకుండానే రెండు పాదాలూ గాలిలోకి లేపుతుంది. మీ సెల్లారులో ఒక స్తంభం దగ్గర తన్ని రెండో స్తంభం దాకా పాదాలు ఆనించకుండా, చూపు చక్రం మీద కాకుండా ఎదురుగా పెట్టి పోగలిగి, మలుపు కూడా తిరగగలిగితే పెడళ్లు బిగించవచ్చు. ఏడేళ్ల పిల్లలకు ఇది నెలల పని కాదు, చాలామందికి కొన్ని సాయంత్రాల పని. సెల్లారు ర్యాంపు మీద మాత్రం వద్దు; కారు ర్యాంపు దిగి వచ్చేటప్పుడు డ్రైవరుకు పిల్ల కనిపించదు.

ప్రశ్న: నా మనవడికి అయిదున్నర ఏళ్లు, 116 సెంటీమీటర్లు. మూడేళ్లప్పుడు కొన్న 12 అంగుళాల బ్యాలెన్స్ సైకిలు మీద బ్రాడీపేట అడ్డరోడ్లన్నీ చుట్టేస్తున్నాడు. ఇప్పుడు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. వాడి అమ్మానాన్నలు 16 అంగుళాల బ్యాలెన్స్ సైకిలు కొందామంటున్నారు. మా రోజుల్లో గంటల లెక్కన అద్దె సైకిలు తీసుకుని, చట్రం సందులోంచి కాలు దూర్చి తొక్కే కత్తెర తొక్కుడుతోనే నేర్చుకున్నాం. ఈ కొత్త వేషాలు అవసరమా?
ఒక తాతగారు, గుంటూరు

జవాబు: ఈసారికి మీ మాటే నెగ్గాలి, కానీ మీరు అనుకున్న కారణానికి కాదు. కాళ్లు ఎత్తి దూరం పోగలిగిన పిల్లవాడికి బ్యాలెన్స్ సైకిలు నేర్పవలసింది ఇక ఏమీ లేదు. అదే పనికి మరింత పెద్ద వస్తువు కొనడం డబ్బు దండగ. గజ్జ నుంచి నేలదాకా కొలిచి, సీటు ఆ కొలతకు దిగగల 16 అంగుళాల మామూలు సైకిలు కొనండి, పక్క చక్రాలు కొట్లోనే వదిలేసి రండి. మొదటి వారం సీటు పాదాలు పూర్తిగా ఆనేంత కిందనే ఉంచి, ఒక పెడలును ముందుకు, కాస్త పైకి తెచ్చి దాని మీద కాలు పెట్టి బయలుదేరడం చూపించండి. పట్టుకోవలసి వస్తే హ్యాండిలును కాదు, చంకల కింద పట్టుకోండి. హ్యాండిలు పట్టుకుంటే వాడు చేయవలసిన పని మీరు చేసినట్టవుతుంది. ఇన్నాళ్లూ చెప్పు అరగదీసి ఆపిన అలవాటు కాబట్టి బ్రేకు నేర్పడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కొనేముందే వాడి వేళ్లు బ్రేకు మీటకు అందుతున్నాయో లేదో, ఒక చేత్తో నొక్కగలుగుతున్నాడో లేదో చూడాలి. చాలా చిన్న సైకిళ్లకు మీట పెద్దవాళ్ల చేతికి సరిపోయేలా ఉంటుంది.

కత్తెర తొక్కుడు ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక మాట. కత్తెర తొక్కుడుకు ముందు మనమందరం ఏం చేశాం? ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడికాలితో నేలను తన్నుతూ, పెద్దవాళ్ల సైకిలు పక్కన వేలాడుతూ వీధి చివరిదాకా పోలేదా? మీ మనవడు రెండు కాళ్లతో కూర్చుని చేస్తున్నది మీరు ఒంటికాలి మీద నిలబడి చేసిన పనే.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, 134 సెంటీమీటర్లు, 31 కిలోలు. చిన్నప్పటి నుంచి ఒంటి మీద అదుపు తక్కువ, మెట్లు దిగడం, బంతి పట్టుకోవడం కూడా ఆలస్యంగా వచ్చాయి; థెరపీకి తీసుకువెళ్తున్నాం. సైకిలు మీద చాలా ఆశ పెట్టుకున్నాడు. ఇంత పెద్దవాడికి బ్యాలెన్స్ సైకిలు దొరుకుతుందా?
ఒక తండ్రి, భవానీపురం, విజయవాడ

జవాబు: తయారవుతాయి. ఇంతకుముందు చెప్పిన స్ట్రైడర్ కంపెనీయే పెద్ద పిల్లల కోసం 16, 20 అంగుళాల చక్రాలతో కూడా చేసింది. అయినా అంత దూరం వెతకవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. మీ అబ్బాయికి సీటు 57, 58 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకు దిగగల తేలికైన 20 అంగుళాల సైకిలు ఒకటి చూసి, పైన చెప్పినట్టు పెడళ్లు, క్రాంకు, చైను తీయించండి. చూడటానికి అది అన్నల సైకిలులాగే ఉంటుంది, పిల్లల బొమ్మలా ఉండదు. తొమ్మిదేళ్ల కుర్రవాడు వీధిలో ఏ బండి మీద కనిపించాలనుకుంటాడో మీకు నేను చెప్పనక్కరలేదు. దీని మీద వాడికి వారాలు పట్టవచ్చు, నెలలు కూడా పట్టవచ్చు, గడువు పెట్టకండి. మొదలుపెట్టే ముందు వాడిని చూస్తున్న థెరపిస్టును అడగండి. రోజుకు ఎంతసేపు, ఏ భంగిమలో అన్నది వాడి ఒంటిని ఎరిగినవాళ్లు చెప్పాలి. చోటు మాత్రం తెల్లవారుజామున ఖాళీగా ఉండే కాలేజీ మైదానం వంటిది, చదునుగా ఉన్నది ఎంచుకోండి. నది ఒడ్డు ఘాట్లు విశాలంగా కనిపిస్తాయి కానీ మెట్లూ నీళ్లూ దగ్గర కాబట్టి అక్కడ వద్దు.

ప్రశ్న: పంక్చర్ పడని స్పాంజి టైర్లు మంచివా, గాలి టైర్లా?
కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఇరవై కిలోలు దాటిన పిల్లలకు గాలి టైర్లే. స్పాంజివి తేలికే, ముల్లు గుచ్చుకున్నా బాధ లేదు, కానీ గతుకులన్నీ నేరుగా నడుముకు తగులుతాయి, తడి సిమెంటు మీద జారుతాయి. గాలి టైరును వారానికి ఒకసారి బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, సొట్ట పడితే గాలి కొట్టించండి. ఏ టైరు వేసినా మే నెలలో సైకిలును మేడ మీద ఎండలో వదలవద్దు; నాలుగింటికి ఎక్కే పిల్లకు ఇనుప చట్రం తొడకు తగిలితే చురుక్కుమంటుంది.